నలభై రెండు నోటుపుస్తకాల్లో ఒకే తప్పు

నేను చేసిన ఉద్యోగానికి కాగితం మీద ఉన్న పేరు చాలా పొడుగైనది. బడుల్లో మాత్రం ఆ పేరు ఎవరూ పలకలేదు. గేటు దగ్గర నన్ను చూడగానే అటెండరు లోపలికి వెళ్ళి, "కంప్యూటర్ మేడం గారొచ్చారండీ" అని చెప్పేవాడు. స్టాఫ్‌రూంలో అప్పటిదాకా వినిపించిన నవ్వులు ఆగిపోయేవి. మొదటి రెండేళ్ళూ ఆ నిశ్శబ్దాన్ని నేను గౌరవం అనుకున్నాను. అది భయమని తెలియడానికి మూడో ఏడు పట్టింది.

లెక్కలు, సైన్సు, సోషలు, చివరికి తెలుగు చెప్పే ఉపాధ్యాయులను కూడా కంప్యూటర్ పాఠం చెప్పేందుకు సిద్ధం చేయడం, ఆ తరువాత వారి బడులకు వెళ్ళి వెన్నంటి ఉండడం నా పని. కాపురం తాడేపల్లిగూడెంలో, కార్యాలయం ఏలూరులో. మోకాళ్ళు మొరాయించడంతో యాభై మూడో ఏట స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశాను. ఇదే పనిలోకి కొత్తగా వస్తున్న వారు కొందరు, "ఏం చదువుకుని రమ్మంటారు మేడం?" అని అడుగుతున్నారు. చదవవలసినవి మీకు నాకంటే బాగా తెలుసు. చదువులో దొరకనిది కొంత ఉంది, దాన్ని రాస్తున్నాను.

నాకు లెక్క రాసుకునే అలవాటు ఉంది. మా ఇంట్లో దాన్ని జబ్బు అంటారు. ఏ బడికి ఏ వారం వెళ్ళాను, గంట కొట్టాక కంప్యూటర్ గది తలుపు ఎన్ని నిమిషాలకు తెరిచారు, ఎంతమంది పిల్లల వేళ్ళు కీబోర్డును తాకాయి, అన్నీ డైరీల్లో ఉన్నాయి. మొత్తం పంతొమ్మిది డైరీలు. వాటిని ముందు వేసుకునే ఇది రాస్తున్నాను కనుక సంఖ్యల విషయంలో నన్ను నమ్మవచ్చు. అభిప్రాయాల విషయంలో మీ ఇష్టం.

చెప్పుల గది

మా వైపు బడుల్లో కంప్యూటర్ గదికి ఒక మర్యాద ఉంది. చెప్పులు బయట విడవాలి. దుమ్ము కోసమని మొదలైన ఆ నియమం కొన్నాళ్ళకు భక్తిగా మారింది. దసరా ముందు యంత్రాలకు పసుపు రాసి బొట్టు పెడతారు. నల్లజర్ల వైపు ఒక బడిలో ఆ బొట్టు సరిగ్గా కెమెరా కంటి మీద పెట్టారు. మూడు వారాలపాటు కెమెరా పెడితే తెర మీద అంతా ఎర్రగా కనబడుతోందని నాకు ఫోన్లు వచ్చాయి. నవ్వుకున్నాను గాని, తుడవమని గట్టిగా చెప్పలేదు. పూజ చేసేవారి మీద నాకు ఫిర్యాదు లేదు. పూజ చేసిన దాన్ని పిల్లల చేతికి ఇవ్వడానికి మనసొప్పదు, చిక్కు అక్కడ వస్తుంది.

గది తాళం హెడ్మాస్టరు గారి బీరువాలో, బీరువా తాళం ఆయన జేబులో, ఆయన మీటింగులో. ఒక ఏడాది మొత్తం లెక్క కట్టాను. నలభై నిమిషాల పీరియడులో మొదటి యంత్రం వెలిగేసరికి సగటున పద్నాలుగు నిమిషాలు గడిచిపోయేవి. మిగిలిన ఇరవై ఆరు నిమిషాల కోసం తాళం వెతికే ఓపిక ఎవరికి ఉంటుంది? అందుకని ప్రోగ్రాంలను బోర్డు మీద రాయించి, నోటుపుస్తకాల్లోకి ఎక్కించి, బట్టీ పట్టించి, ఎర్ర సిరాతో టిక్కు పెట్టేవారు. ఈతను నోట్సు చెప్పి నేర్పినట్టు.

ఇది చదివి ఉపాధ్యాయులను తప్పుపట్టకండి. ఐదు రోజుల శిక్షణ ఇచ్చి, ఆరో రోజు పిల్లల ముందు నిలబెట్టాం. యంత్రం చెడిపోతుందనే భయం రెండు రోజుల్లో పోతుంది. పిల్లల ముందు తెల్లముఖం వేయవలసి వస్తుందనే భయం ఒక పట్టాన పోదు. ఎంత మంచి ఉపాధ్యాయుడైతే ఆ భయం అంత ఎక్కువ.

నూటికి నూట యాభై ఆరు

నా ఉద్యోగ జీవితంలో అతి పెద్ద తప్పు ఒక లెక్కల మాస్టారి తరగతిలో చేశాను.

కొల్లేటి అంచున ఒక ఉన్నత పాఠశాల. ఏలూరు నుంచి గుండుగొలను దాకా బస్సు, అక్కడి నుంచి చేపల చెరువుల గట్ల మీద ఆటో. చెరువులో చేపల పట్టుబడి ఉన్న రోజున తరగతిలో పావువంతు పిల్లలు కనబడరు. మిగిలిన వారి దగ్గర ఐసు, చేపల వాసన. పది కంప్యూటర్లు, తొమ్మిదో తరగతిలో నలభై ఇద్దరు పిల్లలు, వారికి పేరిశాస్త్రి గారు.

పేరిశాస్త్రి గారు ఏలూరులో పౌరోహిత్యం చేసే ఇంటివారు. ఆయన మాత్రం ముప్ఫై రెండేళ్ళుగా లెక్కలు చెబుతున్నారు. ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది. ఆయన బోర్డు మీద వేసిన లెక్క తప్పిందని ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరూ అనలేదు. నా శిక్షణలో మొదటి వరసలో కూర్చుని, నేను చెప్పిన ప్రతి మాటా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నారు.

జూలైలో ఒక బుధవారం ఆయన తరగతికి వెళ్ళాను. నోటుపుస్తకాలు నలభై రెండూ చూశాను. మూడు సబ్జెక్టుల మార్కులకు సగటు కట్టే చిన్న ప్రోగ్రాం. మూడు సంఖ్యలూ వరసగా కూడి ఉన్నాయి, చివర మూడుతో భాగించడానికి ఏటవాలు గీత ఉంది. బ్రాకెట్లు లేవు. అలా రాస్తే యంత్రం ఆఖరి సంఖ్యను ఒక్కదాన్నే భాగిస్తుంది. నలభై రెండింటిలోనూ అదే వరస, అదే తప్పు, అన్నింటికీ ఎర్ర టిక్కు.

"దీన్ని ఎప్పుడైనా నడిపి చూశారా మాస్టారూ?" అని అడిగాను.

"నడపడానికేముందమ్మా, లెక్క సరిపోయిందిగా! అరవై, డెబ్భై, ఎనభై. సగటు డెబ్భై. ప్రతి పిల్లా చేత్తో చేసి మరీ రాసింది, చూడండి."

అప్పుడు నేను ఆయనను వరండాలోకి పిలిచి రెండు మాటలు చెప్పి ఉండవలసింది. రెండు నిమిషాల పని. అలా చేయలేదు. నేరుగా పెద్ద తెర ముందుకు వెళ్ళి, నోటుపుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కొట్టి, పిల్లలందరూ చూస్తుండగా నడిపాను. సగటు నూట యాభై ఆరు చిల్లర వచ్చింది.

"నలభై రెండు పుస్తకాలు చూశానండీ. నలభై రెండింటిలోనూ ఇదే తప్పు. అన్నింటికీ టిక్కే," అన్నాను. లెక్క కచ్చితంగా చెప్పగలిగినందుకు ఆ క్షణంలో నాకు కొంత సంతోషం కూడా కలిగింది. దాచడం ఎందుకు?

వెనక బెంచీ నుంచి ఒకడు అందుకున్నాడు. "ఒరేయ్, నూటికి నూట యాభై ఆరంటరా! మాస్టారు మనందర్నీ స్టేటు ఫస్టు చేసేశార్రా!"

తరగతి అంతా నవ్వింది. పేరిశాస్త్రి గారు సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని, "మేడం గారు చెప్పింది రాసుకోండమ్మా," అని మెల్లగా బయటికి వెళ్ళిపోయారు. మర్నాడు హెడ్మాస్టరు గారికి ఉత్తరం ఇచ్చారు. కంప్యూటర్ తరగతి తనకు వద్దని, తన శక్తికి మించినదని అందులో రాశారు.

మా అధికారి

అప్పటి మా అధికారి ప్రకాశరావు గారు. చెడ్డవారు కారు. అయితే వాడని వస్తువు ఎక్కడైనా కనబడితే ఆయనకు నిద్ర పట్టదు. ఆ బడిలో గదికి తాళం పడిందని తెలియగానే నన్ను పిలిచారు.

"పది మిషన్లు ఊరికే పడున్నాయటగా? తణుకులో మూడు బడులవాళ్ళు మాక్కావాలి మాక్కావాలి అంటున్నారు. అర్ధసంవత్సర పరీక్షలయ్యాక బండి పంపించేస్తాను."

"మాస్టారు మళ్ళీ మొదలుపెడితే ఉంచుతారాండీ?"

"ఆయన రానని రాసిచ్చాక ఇంకేంటండీ! పోనీ, మీరు తీసుకొస్తే తీసుకురండి. నేనే వచ్చి తరగతి చూస్తాను. జరుగుతుంటే ఉంచేస్తాను, లేదంటే అదే రోజు ఎక్కించేస్తాను."

ఆ చుట్టుపక్కల ఇంకే బడిలోనూ కంప్యూటర్లు లేవు. ఆ పదీ వెళ్ళిపోతే ఆ నలభై ఇద్దరికీ పదో తరగతి అయ్యేదాకా మళ్ళీ రావు. వాటికి తాళం వేయించినది నా నోరు.

ఆగస్టులో వెళ్ళి స్టాఫ్‌రూంలో క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన నాకు కాఫీ తెప్పించారు.

"అయ్యో, మీరేం చేశారమ్మా! తప్పు చేసింది నేను. ఉన్నమాట అన్నారు. ఈ వయసులో నావల్ల కాదులెండి, కుర్రవాళ్ళెవరినైనా చూడండి."

మర్యాదగా తలుపు వేసేయడం గోదావరి వాళ్ళకు ఒకరు నేర్పాలా? కాఫీ తాగి వచ్చేశాను. కొత్తగా వచ్చేవారు ఇది గుర్తుంచుకోవాలి. పదిమందిలో పోయిన పరువును స్టాఫ్‌రూంలో ఒంటరిగా తిరిగి ఇవ్వలేం.

బస్సులో

సెప్టెంబరులో ఒక సోమవారం, ఏలూరు బస్టాండులో ఆయన ఎక్కే బస్సే ఎక్కాను. కావాలనే ఎక్కాను. గుండుగొలను వచ్చేదాకా ఆయన ఎక్కడికీ లేచి వెళ్ళలేరు. పక్క సీటులో కూర్చుని సంచీలోంచి డైరీ తీసి ఇచ్చాను.

"ఏంటమ్మా ఇది, నా మీద రిపోర్టా?"

"నా మీదండి."

కళ్ళజోడు పెట్టుకున్నారు. తాడేపల్లిగూడెంలో ఆయన హాజరైన శిక్షణకు ముందు వారం పేజీలు అవి. ప్రతి పాఠాన్నీ ముందుగా ఇంట్లో చేసి చూసుకునేదాన్ని. ఏ ప్రోగ్రాం ఎన్నోసారికి నడిచిందో పక్కన రాసుకునేదాన్ని. ఆయన వేలు పెట్టి ఒక్కొక్కటే చదివారు.

"ఈ పదకొండు ఏమిటి?"

"పదకొండోసారికి నడిచిందండి."

"ఇదో... తొమ్మిది వరసల ప్రోగ్రాం. పదిహేడు." తల ఎత్తి నన్ను చూశారు. "పదిహేడా!"

"పదిహేడేనండి. ఒక చోట వరస చివర పెట్టాల్సిన రెండు చుక్కలు మర్చిపోయాను. అది దొరికేసరికి అన్నం మాడిపోయింది."

"శిక్షణలో ఒక్కసారికే నడిచిందే! మేమంతా నోరెళ్ళబెట్టి చూశాం కదమ్మా. కుడిపక్కన కూర్చున్న సోషలు మాస్టారైతే, వీళ్ళు పుట్టుకతోనే ఇంతండీ, మనవల్ల కాదు అన్నాడు."

"పదహారు తప్పులూ ఇంట్లో అయిపోయాక వచ్చానండి."

"అంటే పదిహేడోది చూపించి, పదహారూ దాచేశారన్నమాట."

అన్నేళ్ళ శిక్షణలో నేను గొప్ప అనుకున్నది, తడబడకుండా చెప్పడం. అది చూసి నేర్చుకోవడానికి వచ్చినవారు, తడబడితే ఈ పనికి పనికిరామని నేర్చుకుని వెళ్ళారు. ఆ మాట నాతో అంతకు ముందు ఎవరూ అనలేదు. ఏ అధికారీ నా మీద అలాంటి నివేదిక రాయలేదు.

బస్సు భీమడోలు వైపు సాగుతోంది. ఆయనే నవ్వారు. "మిమ్మల్ని అనడం దేనికిలెండి. ముప్ఫై రెండేళ్ళుగా నేనూ అదే చేస్తున్నాను. ఇంట్లో చింపేసిన కాగితాలు పిల్లలకి చూపించానా? అందుకే వాళ్ళు, మాస్టారికి తప్పు రాదు అనుకున్నారు. నేనూ అనుకున్నాను."

దిగేటప్పుడు డైరీ తిరిగి ఇవ్వలేదు. "రెండు రోజులుంచుకుంటానమ్మా," అన్నారు.

గోడ మీది కాగితం

ఆ గురువారం ఏం జరిగిందో హెడ్మాస్టరు గారు చెప్పగా విన్నాను. పేరిశాస్త్రి గారు గది తెరిపించి, పిల్లలను కూర్చోబెట్టి, నోటుపుస్తకాలు తెప్పించారు. ఒక్కొక్కటిగా తీసి, తాను పెట్టిన టిక్కును తానే కొట్టివేసి, పక్కన సంతకం చేశారు. నలభై రెండు సంతకాలు. పీరియడు సగం దానికే పట్టింది. పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు.

"ఇది నా తప్పు," అని చెప్పి, "నాలాంటి లెక్కల మాస్టారికి ఇది ఎందుకొచ్చిందో ఎవరు చెబుతారు?" అని అడిగారు.

సంధ్య అనే అమ్మాయి లేచింది. "మీరు బోర్డు మీద పైన మూడు అంకెలూ వేసి కింద పొడుగు గీత గీస్తారండి. ఆ గీత మూడింటి కిందా ఉంటుంది కాబట్టి అన్నీ కలిపి భాగించాలని తెలుస్తాదండి. మిషన్లో అంత పొడుగు గీత లేదండి."

నిజమే. సోషలు మాస్టారు ఈ తప్పు చేయరు. బోర్డు మీద భిన్నాలు వేసి చేయి తిరిగినవారే చేస్తారు. ఆ పొడుగు గీతే వారికి బ్రాకెట్టు. ఇన్నేళ్ళలో ఆ సంగతి నాకు తట్టలేదు, తొమ్మిదో తరగతి పిల్లకు తట్టింది. ఆ తరువాత లెక్కల ఉపాధ్యాయులకు ఇచ్చిన ప్రతి శిక్షణలోనూ మొదటి పాఠం అదే చెప్పాను, సంధ్య చెప్పిందని చెప్పి మరీ.

ఆ రోజే గోడకు ఒక పెద్ద కాగితం అంటించారు. ఏ తప్పు, ఎవరు చేశారు, ఎవరు పట్టుకున్నారు అని మూడు గడులు. మొదటి వరసలో మాస్టారి పేరు, పట్టుకున్నవారి గడిలో నా పేరు రాసి ఉన్నాయి. నేను వెళ్ళినప్పుడు అది చూసి, రెండో వరసలో నా పదహారు తప్పుల ప్రోగ్రాం రాశాను. డైరీ అప్పుడే నా చేతికి వచ్చింది. తాళంచెవి ఒకటి అప్పటికి మాస్టారి జేబులోకి వచ్చింది. అక్టోబరు, నవంబరు నెలల్లో నేను చూసిన ఆరు తరగతుల్లో మొదటి యంత్రం వెలగడానికి పట్టిన సగటు సమయం మూడు నిమిషాలు.

అన్నీ సజావుగా సాగాయని రాయను. కరెంటు లేని రోజులు ఉన్నాయి. ఒకసారి ఆయనే విసిగి, "ఈ మిషన్లు కొల్లేట్లో పారేయండమ్మా," అని ఫోను చేశారు. సాయంత్రం మళ్ళీ ఫోను చేసి, "దొరికిందిలెండి," అన్నారు. ఏం దొరికిందో చెప్పలేదు.

ప్రకాశరావు గారు వచ్చిన రోజు

డిసెంబరులో, పరీక్షలయిన తరువాతి శనివారం అధికారి వచ్చారు. అట్టపెట్టెలతో సహా బండి గుండుగొలనులో ఆగి ఉంది. పేరిశాస్త్రి గారికి ఆ సంగతి తెలుసు. అయినా ప్రత్యేకంగా పాఠం సిద్ధం చేసుకోలేదు. ఏ పిల్లనూ ముందుగా తయారుచేయలేదు.

ప్రకాశరావు గారు ముందు గోడ చూశారు. అప్పటికి మూడో కాగితం నడుస్తోంది.

"ఇదేంటి మాస్టారూ, ఇన్ని తప్పులు గోడకెక్కించారు?"

"చేసినవేనండి. చేయనివి రాయలేదు."

ఆ రోజు పని, పట్టుబడిలో వచ్చిన చేపలకు ఎన్ని పెట్టెలు కావాలో చెప్పే ప్రోగ్రాం. లెక్క సులువుగా ఉండాలని పెట్టెకు పది కిలోలు అనుకున్నారు. సంధ్య నలభై ఏడు కిలోలు ఇచ్చింది. తెర మీద నాలుగు పెట్టెలని వచ్చింది.

ప్రకాశరావు గారు ఆమె వెనకే నిలబడి ఉన్నారు. "నాలుగేంటమ్మా? ఐదు కావాలి కదా! ఇదిగో, ఇక్కడ..." అంటూ వంగి కీబోర్డు మీదికి చెయ్యి చాపారు.

"ఏవండీ!"

పేరిశాస్త్రి గారు గది అవతలి నుంచి పిలిచారు. స్వరం పెంచలేదు. "చెయ్యి వద్దండి. ఆ అమ్మాయి వెతుక్కుంటోంది."

ఒక మాటతో ఆ యంత్రాలను బండి ఎక్కించగలిగిన మనిషితో, చేయి తీయమన్నది ఐదు నెలల కిందట సుద్దముక్క బల్ల మీద పెట్టి వెళ్ళిపోయిన మనిషి. ప్రకాశరావు గారు ఆయన వైపు చూసి, తెర వైపు చూసి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నారు.

సంధ్యకు ఇవేమీ పట్టలేదు. "ఏడు కిలోలు గట్టు మీదే ఉండిపోయాయండీ," అంది తనలో తాను. వచ్చిన జవాబుకు ఒకటి కలిపింది. ఐదు వచ్చింది. ప్రకాశరావు గారు చప్పట్లు కొట్టబోయారు. మాస్టారు, "నలభై ఇచ్చి చూడు తల్లీ," అన్నారు. నలభైకి కూడా ఐదు వచ్చింది.

"ఖాళీ పెట్టెకి ఐసేసి పంపుతావేంటే!" అని పక్క పిల్ల ఎగతాళి చేసింది.

"ఉండవే, చూస్తన్నాను కదా!"

నా గడియారం ప్రకారం పదకొండు నిమిషాలు. అంతసేపూ ఆ అధికారి నిలబడే ఉన్నారు. చేపలు మిగిలితేనే ఒక పెట్టె కలపాలని సంధ్య చివరికి రాసింది. నలభైకి నాలుగు, నలభై ఏడుకు ఐదు. ఆమె లేచి నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి, తన పేరు రెండుసార్లు రాసుకుంది. పెట్టె మరిచినందుకు ఒకసారి, ఖాళీ పెట్టె పంపినందుకు ఒకసారి.

ప్రకాశరావు గారు వరండాలోకి వెళ్ళి ఫోను తీశారు. "ఆ బండి వెనక్కి వెళ్ళిపోమనండి. ఆఁ, ఖాళీగానే."

ఎందరికో శిక్షణ ఇచ్చాను. నా మాటకు గదులు నిండాయి, చప్పట్లు మోగాయి. ఇన్నేళ్ళలో నా పనితనానికి గుర్తుగా ఒక్క తరగతి చూపించమని ఎవరైనా అడిగితే, ఆ శనివారం తరగతి చూపిస్తాను. అందులో మొదటి నుంచి చివరి దాకా నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు.